ఓర్లాండో డిస్నీకి పిల్లలతో వెళ్ళే ముందు: పుస్తకం ఏ పనికి, ఫోన్ ఏ పనికి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. తిరుపతి నుంచి మే చివర్లో బయల్దేరి అట్లాంటాలో ఉన్న మీ అన్నయ్య గారి ఇంటికి వెళ్తారు. జూన్‌లో అక్కడి నుంచి నాలుగు రోజులు ఓర్లాండో, వాల్ట్ డిస్నీ వరల్డ్. మీరు, మీ ఆయన, తొమ్మిదేళ్ళ బాబు, నాలుగేళ్ళ పాప, అరవై ఏడేళ్ళ మీ అత్తమ్మ గారు. ఆఫీసులో ఒకావిడ 2018 నాటి గైడ్ బుక్ ఇచ్చారు. అది చాలా, కొత్తది కొనాలా, యాప్ ఉండగా పుస్తకం అవసరమా, ఇవేవీ కాకుండా ఏజెంటు ప్యాకేజీ తీసుకుంటే నిశ్చింతగా ఉండొచ్చా అని అడిగారు. యూట్యూబ్ చూసేకొద్దీ టెన్షన్ పెరుగుతోందని కూడా రాశారు.

మాదీ తిరుపతే. మా అక్క వాళ్ళు చాలా ఏళ్ళుగా టాంపాలో ఉంటున్నారు. అక్కడి నుంచి ఓర్లాండో కారులో గంటన్నర దారి. అలా 2015, 2019, 2024లలో మూడుసార్లు ఇంటిల్లిపాదీ డిస్నీకి వెళ్ళొచ్చాం. ఆ తర్వాత మన ఊరి నుంచి వెళ్ళే చుట్టాలకూ స్నేహితులకూ దగ్గర కూర్చుని ప్లాన్ రాసివ్వడం నాకు అలవాటైంది. లక్షలు పోసి వెళ్ళే ప్రయాణం కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను. తీరిగ్గా చదవండి.

ముందు మా మొదటి ప్రయాణం గురించి చెప్పాలి. మీ చేతిలో ఉన్నలాంటి పుస్తకమే అప్పుడు నా చేతిలోనూ ఉంది. తెలిసినవాళ్ళు ఇచ్చింది, 2012లో అచ్చయింది. అందులో ఫాస్ట్‌పాస్ గురించి ఎంతో వివరంగా ఉంది. రైడ్ పక్కనే మెషిన్ ఉంటుంది, అందులో మన టికెట్ పెడితే ఒక కాగితం ముక్క వస్తుంది, దాని మీద వేసిన టైముకి వస్తే పెద్ద క్యూ తప్పుతుంది అని. రాత్రి హోటల్‌లో కూర్చుని ఏ మెషిన్ దగ్గరికి ముందు వెళ్ళాలో ఎర్ర పెన్నుతో గీసుకున్నాను. పొద్దున గేటు తియ్యగానే అయిదేళ్ళ మా వాణ్ణి భుజానేసుకుని పరుగెత్తాను. మెషిన్లే లేవు. 2014లోనే ఆ కాగితాల పద్ధతి తీసేశారు, బుకింగ్ అంతా ఫోన్‌లోకి పోయింది, అది కూడా రోజుల ముందే చేసుకోవాలి. అక్కడ పనిచేసే అమ్మాయి ఓపిగ్గా చెప్పింది కానీ అప్పటికి చెయ్యగలిగిందేమీ లేదు. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రెయిన్ అనే రైడ్ ముందు బోర్డు మీద 110 నిమిషాలు అని ఉంది. నిలబడ్డాం. మా వంతు రావడానికి పావుగంట ముందు వాడు నా భుజం మీదే నిద్రపోయాడు.

కానీ ఆ రోజే ఇంకోటి కూడా గమనించాను. మధ్యాహ్నం ఒంటిగంటకి పార్కులోంచి బయటపడండి, హోటల్‌కి వెళ్ళి పిల్లల్ని పడుకోబెట్టండి, అయిదింటికి మళ్ళీ రండి అని అదే పుస్తకం చెప్పింది. అలాగే చేశాం. సాయంత్రం అంతా హాయిగా గడిచింది. బుకింగ్ గురించి చెప్పిన ప్రతి మాటా పాతబడిపోయిన పుస్తకం, రోజుని ఎలా నడపాలో చెప్పిన మాట మాత్రం పాతబడలేదు. అప్పటి నుంచి నేను పట్టుకున్న పద్ధతి ఇదే: ఏది ముందు, ఏది వెనక, ఏది వదిలెయ్యాలి అన్నది పుస్తకాన్ని అడగాలి. ధర, టైము, బుకింగ్, ఇవాళ ఏది మూసి ఉంది అన్నది ఫోన్‌ని అడగాలి. ఈ రెండూ కలగలిపితేనే చిక్కు.

ఇప్పుడు మీ 2018 పుస్తకం. పారెయ్యకండి, అలాగని దాన్ని నమ్మి డబ్బు కట్టకండి. గైడ్ బుక్ ఎంత పాతదో తెలియాలంటే అట్ట మీద సంవత్సరం ఒక్కటే చూస్తే చాలదు, కొన్నిసార్లు పాత సరుకే కొత్త అట్టతో వస్తుంది. లోపల కొన్ని మాటలు వెతకండి. ఫాస్ట్‌పాస్ ప్లస్ ఉచితం అని రాసి ఉంటే అది 2020లో కరోనాతో పార్కులు మూసేసినప్పుడు ఆగింది, మళ్ళీ రాలేదు. ఎయిర్‌పోర్టు నుంచి డిస్నీ హోటల్‌కి మ్యాజికల్ ఎక్స్‌ప్రెస్ అనే ఉచిత బస్సు ఉందని రాసి ఉంటే అది 2022 జనవరిలో ఆగిపోయింది. స్ప్లాష్ మౌంటెన్ అనే నీళ్ళ రైడ్ ఎక్కమని చెబితే, దాన్ని 2023 జనవరిలో మూసేసి 2024 జూన్‌లో టియానాస్ బయూ అడ్వెంచర్‌గా మార్చారు. ఏ రోజు ఏ పార్కుకి వెళ్తారో టికెట్‌తో పాటు రిజర్వేషన్ కూడా చేసుకోవాలని రాసి ఉంటే, తేదీ వేసి ఇచ్చే మామూలు టికెట్లకి 2024 జనవరి 9 నుంచి ఆ బాధ లేదు. పెద్ద క్యూ తప్పడానికి జీనీ ప్లస్ కొనమని ఉంటే అది 2021 అక్టోబరు నుంచి 2024 జూలై దాకా నడిచిన ముచ్చట. అక్కడున్న నాలుగు పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఆవిరి పడవ ఎక్కమంటే, ఆ పడవ తిరిగే రివర్స్ ఆఫ్ అమెరికాని 2025 జూలైలో మూసేశారు.

మా సంగతే చూడండి. 2024 జూన్ మొదట్లో మేం వెళ్ళినప్పుడు జీనీ ప్లస్ అని పొద్దున ఏడింటికి లేచి, ఆ రోజుకి ఆ రోజే బుక్ చేసుకున్నాం. మేం వచ్చేసిన తర్వాత జూలై 24 నుంచి పేరూ మారింది, పద్ధతీ మారింది. నేను అంత జాగ్రత్తగా రాసి పెట్టుకున్న నోట్సులో ఆ రెండు పేజీలూ కొట్టేశాను. అచ్చయిన పుస్తకం గతి అంతే మరి.

కాబట్టి కొత్తది కొనండి. ఏది అంటే, ఇంగ్లీషులో రెండు రకాలున్నాయి. ఒకటి డిస్నీ వాళ్ళే వేసేది, బర్న్‌బామ్ పేరుతో వస్తుంది. రంగుల బొమ్మలు, తేలిగ్గా చదువుకోవచ్చు. మీ బాబుకి ఇస్తే సంతోషంగా తిరగేస్తాడు. కానీ సొంత దుకాణం గురించి సొంత మనిషి రాసింది కాబట్టి, ఇది దండగ, ఇక్కడికి పోవద్దు అని అందులో ఉండదు. రెండోది బాబ్ సెలింజర్, లెన్ టెస్టాల పేర్లతో వస్తున్న అనఫీషియల్ గైడ్. డిస్నీతో సంబంధం లేనిది. లావు పుస్తకం, చిన్న అక్షరాలు. బొమ్మలు తక్కువ, పట్టికలు ఎక్కువ. ఏ రైడ్ బాగుంటుందో, ఏది అంత క్యూకి తగదో, ఏ హోటల్ ఆ డబ్బుకి చెయ్యదో మొహమాటం లేకుండా రాస్తారు. నా మాట ఈ రెండోదానికే. అందులోనే పిల్లలతో వెళ్ళేవాళ్ళ కోసం విడిగా ఇంకో పుస్తకం ఉంది, కాస్త సన్నం. మీకు అదే సరిపోతుంది.

సరిపోతుందని ఎందుకంటున్నానంటే, అందులో చిన్నపిల్లలు ఏ రైడ్‌లో దేనికి జడుసుకుంటారో ఒక పట్టిక ఉంటుంది. చీకటా, పెద్ద శబ్దమా, ఉన్నట్టుండి కిందికి జారడమా, ముఖం మీదకి వచ్చే బొమ్మలా అని విడివిడిగా. యాప్‌లో ఎత్తు నిబంధన ఉంటుంది కానీ ఇంత విడమరిచి ఉండదు. దెయ్యాల ఇంటి రైడ్ హాంటెడ్ మాన్షన్‌కి ఎత్తు నిబంధనే లేదు, ఆ ఒక్కటే చూస్తే నెలల పిల్లనైనా తీసుకెళ్ళొచ్చు. 2019లో మా అక్క కూతురికి నాలుగేళ్ళు, కుక్కర్ విజిల్ వేస్తేనే చెవులు మూసుకునే పిల్ల. ఆ పట్టిక చూసే దాన్ని బయట ఆపేశాను. మా బావ మాత్రం పర్వాలేదులే అని అలాంటిదే ఇంకో చీకటి రైడ్‌కి తీసుకెళ్ళాడు. ఆ తర్వాత ఆ రోజంతా ఏ తలుపులోకి అడుగు పెట్టాలన్నా "లోపల చీకటా మామా?" అని నన్ను అడిగి అడిగి వచ్చింది. మీ పాప దేనికి భయపడుతుందో మీకు తెలుసు. ఆ పట్టికలో పెన్సిల్‌తో టిక్కు పెట్టుకోండి.

వేరే ఏ పుస్తకం చేతికొచ్చినా ఒక పరీక్ష పెట్టండి. ఎక్కడైనా ఒక పేజీ తీసి, "ఇది వదిలెయ్యండి" అన్న మాట కనిపిస్తుందేమో చూడండి. పది పేజీలు తిప్పినా ఆ మాట లేకపోతే అది ప్రచార పుస్తకం. నాలుగు రోజుల్లో మీరు చూడగలిగేది అక్కడున్నదాంట్లో కొంతే. దేన్ని వదలాలో చెప్పని పుస్తకం మీకు సాయం చెయ్యదు.

కొనే తీరు గురించి ఒక మాట. పుస్తకాన్ని ఇక్కడికి తెప్పించుకుంటే ఖర్చు ఎక్కువ, మళ్ళీ అక్కడికి మొయ్యాలి. అట్లాంటా అడ్రసుకి తెప్పించుకుంటే మే చివరి దాకా మీ చేతికి రాదు, ఆలోగా చెయ్యాల్సిన బుకింగులు కొన్ని ఉన్నాయి. అందుకని కిండిల్ ప్రతి కొనుక్కోండి. మీ అన్నయ్య గారికి అక్కడి పబ్లిక్ లైబ్రరీ కార్డు ఉంటే గైడ్ బుక్కులు ఊరికే అరువిస్తారు, లిబీ అనే యాప్‌లో ఈబుక్కులు కూడా దొరుకుతాయి. ఏ సంవత్సరపు ప్రతి ఉందో చూసి తీసుకోమనండి.

ఇక ఫోన్. మై డిస్నీ ఎక్స్‌పీరియన్స్ అనేది డిస్నీ వాళ్ళ సొంత యాప్, ఉచితం. దీన్ని తప్పించుకోలేం, తప్పించుకోనక్కర్లేదు కూడా. టికెట్లు, మ్యాపు, ఏ రైడ్‌కి ఎంతసేపు క్యూ ఉంది, భోజనం ఆర్డరు, అన్నీ అందులోనే. అయిదుగురి టికెట్లూ ఒకే అకౌంట్‌లో చేర్చుకోండి. మీ ఇద్దరి ఫోన్లలోనూ యాప్ పెట్టుకోండి, ఒక ఫోన్ చార్జింగ్ అయిపోతే రెండోది ఉంటుంది. పవర్ బ్యాంకు తప్పనిసరి. మన బ్యాంకు కార్డుతో కట్టేట్టయితే విదేశీ లావాదేవీలు బ్యాంకు యాప్‌లో ఇక్కడున్నప్పుడే ఆన్ చేసుకోండి. ఓటీపీ మన సిమ్‌కే వస్తుంది కాబట్టి ఆ సిమ్ అక్కడ పనిచేసేలా చూసుకోవాలి. లేకపోతే అన్నయ్య గారి కార్డు వాడి తర్వాత లెక్క చూసుకోవడం మేలు.

రెండోది టూరింగ్ ప్లాన్స్. ఆ అనఫీషియల్ గైడ్ రాసిన లెన్ టెస్టా పెట్టిన సైటే ఇది. ఆయన కంప్యూటర్ సైన్స్ మనిషి. పది ఊళ్ళు తిరగాల్సిన వ్యాపారి ఏ ఊరి తర్వాత ఏ ఊరికి పోతే దారి తక్కువ పడుతుంది అన్న పాత లెక్క ఒకటుంది కదా, పార్కుని ఆయన అలా చూశాడు. తేడా ఏమిటంటే ఇక్కడ ఊళ్ళ మధ్య దూరం గంటగంటకీ మారుతుంది. పొద్దున తొమ్మిదికి పావుగంట క్యూ ఉన్న రైడ్‌కే పదకొండింటికి గంటన్నర ఉంటుంది. మీరు ఎక్కాలనుకున్నవి, ఎన్నింటికి వస్తారు, ఎంత మెల్లగా నడుస్తారు అని చెబితే వరస అమర్చి ఇస్తుంది. అందులో జనం క్యాలెండర్ కూడా ఉంది, ఏ రోజు రద్దీ ఎంతో 1 నుంచి 10 దాకా అంకెల్లో. ఏడాది చందా మీరు అయిదుగురూ పార్కులో ఒక పూట తినే ఖర్చు కూడా కాదు. ఈ డబ్బు పెట్టండి. ఊరికే చూడాలంటే క్యూ టైమ్స్ అనే సైట్ ఉంది, నిరుడు ఇదే వారంలో ఏ రైడ్‌కి ఎంత క్యూ ఉందో చూసుకోవచ్చు. ఒకటి గుర్తుంచుకోండి, బోర్డు మీద రాసే నిమిషాల కన్నా నిజంగా పట్టేది తక్కువ ఉండటం అక్కడ మామూలే. 60 అని చూసి హడలిపోయి వెనక్కి రాకండి.

జీనీ ప్లస్ పోయాక వచ్చిన లైట్నింగ్ లేన్ పాసుల గురించి చాలామంది తికమక పడతారు. మన తిరుపతి వాళ్ళకి మాత్రం దీన్ని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. స్వామి దర్శనంతో పోల్చడం నా ఉద్దేశం కాదు, క్యూ పద్ధతి వరకే చెబుతున్నాను. టోకెన్ లేకుండా సర్వదర్శనానికి వెళ్ళి నిలబడటం ఒకటి, 300 రూపాయల టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకుని ఆ స్లాట్‌కి వెళ్ళడం ఇంకొకటి. లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ ఈ రెండో తరహా. తేడా ఏమిటంటే అక్కడ మొదట మూడు రైడ్లకి మూడు స్లాట్లు తీసుకుంటారు, ఒకటి వాడేశాక ఇంకోటి తీసుకోవచ్చు, అలా రోజంతా. ధర తేదీని బట్టీ పార్కుని బట్టీ మారుతుంది. బాగా గిరాకీ ఉన్న ఒకటి రెండు రైడ్లని ఇందులో కలపరు, వాటికి సింగిల్ పాస్ అని విడిగా కొనాలి. డిస్నీ హోటళ్ళలో దిగినవాళ్ళు 7 రోజుల ముందు, బయట దిగినవాళ్ళు 3 రోజుల ముందు బుక్ చేసుకోవచ్చు, అక్కడి టైము ఉదయం 7 గంటలకి మొదలు. మూడు నెలల ముందు టికెట్లు వదిలే రోజున టైముకి లాగిన్ అయి కూర్చోవడం మనకు కొత్తేం కాదు కదా, ఇదీ అలాగే.

నాలుగు పార్కులకీ ఇది కొనక్కర్లేదని నా అభిప్రాయం. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో రైడ్లు ఎక్కువ, పిల్లలవి ఎక్కువ, అక్కడ కొంటే డబ్బుకి తగ్గ ఫలం ఉంటుంది. యానిమల్ కింగ్‌డమ్‌కి గేటు తీసే వేళకి చేరుకోగలిగితే అక్కర్లేదు. పెద్దావిడ, చిన్నపిల్ల ఉన్నారు కాబట్టి హాలీవుడ్ స్టూడియోస్ సంగతి మీరే ఆలోచించుకోండి. అందులో ఉన్నవి ఎక్కువగా పెద్దపిల్లల రైడ్లు.

పుస్తకం చెప్పేదీ ఫోన్ చెప్పనిదీ ఇంకోటి ఉంది, దీన్ని మర్చిపోకండి. కారులో మ్యాజిక్ కింగ్‌డమ్ అని గూగుల్ మ్యాప్‌లో కొడితే అది మిమ్మల్ని కారు పార్కింగ్ దగ్గర దింపి చేరారు అంటుంది. చేరలేదు. అక్కడి నుంచి మోనోరైల్ ఎక్కాలి, లేదా చెరువు మీద ఫెర్రీ ఎక్కాలి. సామాన్ల తనిఖీ, ఆ ప్రయాణం కలిపి ముప్పావు గంట తేలిగ్గా పోతుంది. మిగతా మూడు పార్కులకి ఈ బాధ లేదు. గేటు 9కి తీస్తారని మీరు 8:30కి పార్కింగ్‌లో దిగితే, లోపలికి వెళ్ళేసరికి ముందొచ్చినవాళ్ళు రెండు రైడ్లు ముగించి ఉంటారు. డిస్నీ హోటళ్ళలో దిగినవాళ్ళని రోజూ అరగంట ముందే లోపలికి వదులుతారు కూడా.

ఇవాళ సాయంత్రం చెయ్యగలిగిన పని ఒకటి చెబుతాను. ఇద్దరు పిల్లల్నీ అక్కడికి వేసుకెళ్ళబోయే బూట్లతో తలుపు చెక్కకి ఆనించి నిలబెట్టి ఎత్తు గీత గియ్యండి. టేపుతో సెంటీమీటర్లలో కొలవండి. అక్కడ కొలిచేది బూట్లతోనే. 97 సెంటీమీటర్లుంటే సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రెయిన్, స్లింకీ డాగ్ డాష్ ఎక్కనిస్తారు. 102 ఉంటే టియానాస్ బయూ. 112 ఉంటే స్పేస్ మౌంటెన్, అవతార్ ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్. 122 ఉంటే ట్రాన్. నాలుగేళ్ళ పాప 97, 102 మధ్య ఎక్కడో ఉండొచ్చు. అర సెంటీమీటరు తక్కువున్నా ఎక్కనివ్వరు, బతిమాలినా లాభం లేదు. క్యూ మొదట్లోనే కొలకర్ర ఉంటుంది. ఎక్కనివ్వరని తెలిసినవాటి గురించి పాప ముందు ఇప్పటి నుంచే ఊరించకండి. పాప ఎక్కలేని రైడ్ బాబుకి కావాలంటే రైడర్ స్విచ్ అడగండి. మీ ఆయనా బాబూ వెళ్తారు, మీరు పాపతో బయట ఉంటారు. వాళ్ళు వచ్చాక మీరు మళ్ళీ మొదటి నుంచి నిలబడకుండా వెళ్ళొచ్చు, బాబు మీతో రెండోసారి కూడా ఎక్కొచ్చు. దీనికి వేరే డబ్బు లేదు. ఇంకోటి, టికెట్ ధర 3 నుంచి 9 ఏళ్ళకి ఒకటి, 10 నుంచి పెద్దవాళ్ళది. మీ బాబు పుట్టినరోజు జూన్ లోపు ఉంటే అది చూసుకుని కొనండి.

యూట్యూబ్‌ని ఇందుకు వాడుకోండి. రైడ్ పేరు కొట్టి, కూర్చున్నవాళ్ళ కళ్ళతో మొదటి నుంచి చివర దాకా తీసిన వీడియో పెట్టి పాపకీ మీ అత్తమ్మ గారికీ టీవీలో చూపించండి. ఎవరు కళ్ళు మూసుకుంటారో, ఎవరు మళ్ళీ పెట్టమంటారో మీకే తెలుస్తుంది. మన తెలుగు వాళ్ళ వ్లాగులు కబుర్లకి బాగుంటాయి కానీ ప్లానుకి పనికిరావు. వీడియో ఎప్పుడు పెట్టారో తేదీ చూడకుండా ధర నమ్మకండి. చాట్‌బాట్ అడిగినా అంతే, మూసేసిన రైడ్‌కి ఉదయం తొమ్మిదింటి స్లాట్ రాసి ఇచ్చిన ప్లాను ఒకటి మా తమ్ముడు నాకు పంపాడు. వీలైతే ఏప్రిల్‌లో ఒక శనివారం బెంగుళూరు దగ్గర బిడది వండర్‌లాకి వెళ్ళి రండి. పిల్లలు క్యూలో ఎంతసేపు ఓర్చుకుంటారో, పాప ఎన్నింటికి వాడిపోతుందో పుస్తకం చెప్పలేదు.

మీ అత్తమ్మ గారి గురించి. డిస్నీలో రోజుకి పది కిలోమీటర్లు నడిచేస్తాం, మనకే తెలియదు. అలిపిరి మెట్ల దారి తొమ్మిది కిలోమీటర్లు. మెట్లు లేకపోయినా వరసగా రోజూ అంత దూరం అంటే ఆలోచించండి. మా అమ్మ ఏటా నడిచి కొండెక్కే మనిషి, 2019లో రెండో రోజుకే మడమలు పట్టేశాయి. పార్కు గేటు దగ్గరే వీల్‌చెయిర్లు అద్దెకిస్తారు, ముందొచ్చినవాళ్ళకి ముందు. నాకెందుకు అని ఆవిడ అంటారు. అయినా తీసుకోండి. ఆవిడ నడిచినంతసేపు సంచులైనా అందులో పెట్టుకోవచ్చు. ఎండ కూడా మన రేణిగుంట ఎండలాంటిది కాదు, చెన్నై ఉక్క. జూన్‌లో మధ్యాహ్నాలు ఉరుములతో వాన కొట్టడం అక్కడ మామూలు, మెరుపులున్నంతసేపు బయటి రైడ్లు ఆపేస్తారు. ఒంటిగంటకి బయటపడమని ఆ పాత పుస్తకం చెప్పిన మాట ఇందుకే ఇప్పటికీ నిలబడింది.

ఆ 2019 ప్రయాణంలోనే నేను అనుకోకుండా ఒక పని చేశాను. ఇప్పుడు ఎవరికి ప్లాన్ రాసిచ్చినా అదే చేయిస్తున్నాను. పుస్తకం ఇంగ్లీషు, యాప్ ఇంగ్లీషు, అక్క ఫోన్‌లో ప్లాన్ ఇంగ్లీషు. అమ్మ ప్రతి పది నిమిషాలకీ "ఇప్పుడెక్కడికిరా?" అంటుంది, ఎవరికీ నిలబడి చెప్పే తీరిక లేదు. రెండో రోజు రాత్రి ఒక కాగితం సగానికి మడిచి, మర్నాటి ప్లాన్ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. "7:30 హోటల్ నుంచి బయలు. 9:00 గేటు. ముందు ఏనుగుల బొమ్మల రైడ్. 10:00 పడవ, నువ్వూ ఎక్కొచ్చు. 11:00 పెద్ద రైడ్, నువ్వు వద్దు, నీడలో బెంచీ. 12:00 అన్నం. 1:00 వెనక్కి." ఏ రైడ్ తనకి, ఏది కాదు అని ముందే తెలిసేసరికి అమ్మ ముఖమే మారిపోయింది. కాగితం మడిచి చెంగున ముడేసుకుంది. మర్నాడు పదింటికి "పడవ టైమైంది కదరా" అని మాకే గుర్తుచేసింది. వానకి తడిసి అక్షరాలు అలుక్కుపోయినా ఆ కాగితం పారెయ్యలేదు.

నాకు తర్వాత అర్థమైంది ఏమిటంటే, అలా తెలుగులో రాయాల్సి వచ్చినప్పుడే నా ప్లాన్‌లో ఉన్న తప్పులు నాకు కనిపించాయి. యాప్‌లో పదహారు రైడ్లు వరసగా ఎంత ముద్దుగా ఉంటాయో. అమ్మకి అర్థమయ్యేలా రాద్దామని కూర్చుంటే సగం కాగితంలో ఏడు కూడా పట్టలేదు, మిగతావి కొట్టేశాను. ఆ ఏడూ తృప్తిగా చూశాం. మీరు కూడా రోజుకి సగం కాగితం దాటి రాయకండి.

తిండి గురించి మీరు అడగలేదు కానీ అత్తమ్మ గారు శాకాహారం అన్నారు కాబట్టి. పార్కులోకి మన తిండి తీసుకెళ్ళొచ్చు. గాజు సీసాలు, మద్యం, వేడి చెయ్యాల్సిన పదార్థాలు మాత్రం కూడదు. అట్లాంటాలో పొద్దున కలిపిన పులిహోర మొదటి రోజుకి వస్తుంది. చపాతీలు, చెనక్కాయ పొడి, బొరుగులు మిగతా రోజులకి. తాగే నీళ్ళు కౌంటర్లలో అడిగితే గ్లాసుతో ఊరికే ఇస్తారు, సీసాలు కొనకండి. ఒక్క పూట కూర్చుని తినాలంటే యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ హోటల్‌లో సనా అని ఉంది. నాన్‌లు, రకరకాల చట్నీలు పళ్ళెంలో పెట్టి ఇస్తారు, కిటికీలోంచి జిరాఫీలు, జీబ్రాలు కనిపిస్తాయి. ఆవిడకి తప్పకుండా నచ్చుతుంది. భోజనాల బుకింగ్ 60 రోజుల ముందు తెరుస్తారు, అంటే మీరింకా తిరుపతిలో ఉండగానే ఏప్రిల్‌లో. అక్కడి పొద్దున మనకి మధ్యాహ్నం దాటాక అవుతుంది, అలారం పెట్టుకోండి. ముందే చెయ్యాల్సిన బుకింగులు అన్నాను చూడండి, వాటిలో ఇదొకటి.

ఏజెంటు ప్యాకేజీ తీసుకోవడం తప్పేం కాదు. కానీ డబ్బు కట్టే ముందు మూడు మాటలు రాతలో అడగండి: టికెట్ల మీద ఏ తేదీలు ఉన్నాయి, మీ పేర్లతో మీ యాప్‌లోకి ఎప్పుడు వస్తాయి, లైట్నింగ్ లేన్ కలిసి ఉందా లేదా. రోజుకి రెండు పార్కులు చూపిస్తాం అంటే వద్దనండి, నాలుగేళ్ళ పిల్లతో అది కాని పని. ఎవరో సగం వాడిన టికెట్ చవగ్గా ఇస్తామంటే అస్సలు తీసుకోకండి, అక్కడ టికెట్ ఒకరిది ఇంకొకరికి చెల్లదు. 2025 మేలో తెరిచిన ఎపిక్ యూనివర్స్ పార్కు కూడా చూపిస్తాం అని కొందరు ఊరిస్తున్నారు. అది యూనివర్సల్ వాళ్ళది, టికెట్ వేరు, యాప్ వేరు. ఈ నాలుగు రోజుల్లో ఇరికించకండి.

నేనైతే నాలుగు రోజుల్లో మూడు పార్కులే పెడతాను. మొదటి రోజు యానిమల్ కింగ్‌డమ్, దాన్ని మధ్యాహ్నానికి చూసెయ్యొచ్చు కాబట్టి ప్రయాణ బడలిక తెలియదు. రెండో రోజు మ్యాజిక్ కింగ్‌డమ్. మూడో రోజు ఏ పార్కూ లేదు, హోటల్ ఈతకొలను, బట్టలు ఉతుక్కోవడం, నిద్ర. నాలుగో రోజు ఎప్‌కాట్. అందులో దేశదేశాల మండపాలు చెరువు చుట్టూ ఉంటాయి, మీ అత్తమ్మ గారు వీల్‌చెయిర్‌లో కూర్చుని మొత్తం చూడొచ్చు. బాబు స్టార్ వార్స్ పిచ్చివాడైతే చెప్పండి, అప్పుడు హాలీవుడ్ స్టూడియోస్‌ని ఎప్‌కాట్ బదులు పెట్టాల్సి వస్తుంది, నాలుగో రోజు లెక్కంతా మారుతుంది.

పాప ఎత్తు ఎంత వచ్చిందో, మీ నాలుగు తేదీలేమిటో, ఎక్కడ దిగుతున్నారో రాయండి. మొదటి రోజు సగం కాగితం నేను రాసి పెడతాను, దాన్ని చూసి మిగతావి మీరే రాసుకోవచ్చు.